అప్పగించింది ఎవరు?

ప్రశ్న ఇలా మొదలవుతుంది. ఈ షిఫ్టులో నర్సుకి నలుగురు పేషెంట్లను అప్పగించారు. ఒకాయనకి నిన్న పొట్ట ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఏడు అంటున్నాడు. ఒకావిడకి షుగరు 250 ఉంది. ఒక కుర్రాడు తొడ ఎముక విరిగి నిన్న చేరాడు, ఇప్పుడు ఉన్నట్టుండి ఆయాసపడుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. నాలుగో ఆయన డిశ్చార్జి కాగితాల కోసం రెండు గంటలుగా కూర్చుని ఇప్పుడు అరుస్తున్నాడు. నర్సు ముందు ఎవరిని చూడాలి?

కుర్రాడిని. విరిగిన పెద్ద ఎముకలోంచి కొవ్వు రక్తంలోకి చేరి ఊపిరితిత్తులకి అడ్డుపడిందేమోనని అనుమానించాలి. నొప్పి ఉన్నాయన కాసేపు ఆగగలడు, షుగరావిడా ఆగగలదు. అరుస్తున్నాయన అరుస్తున్నాడంటేనే ఊపిరి బాగా ఆడుతున్నట్టు.

ఇది నేను అల్లిన ప్రశ్న. అసలు ప్రశ్నల్ని బయటికి చెప్పబోమని పరీక్ష రాసేవాళ్ళు ముందే ఒప్పుకోవాలి. కానీ ఈ అచ్చులో పోసిన నమూనా ప్రశ్నలు నేను కొన్ని వందలు చదివాను, ఎందుకంటే మా పెద్దమ్మ కూతురు ఏడాదిగా ఎన్‌క్లెక్స్‌కి చదువుతోంది. రోజుకి డెబ్భై ఐదు ప్రశ్నలు, ఫోన్‌లోనే. ఆదివారాలు నాకు వీడియో కాల్ చేసి తప్పు పోయినవి వినిపిస్తుంది. నాకు వైద్యం తెలియదు, నేను రాసేది జావా. ఆమెకి కావాల్సింది ఎదురుగా ఒక మనిషి, అంతే.

పెద్దమ్మ వాళ్ళుండేది ఏటూరునాగారంలో. ఇప్పుడు ములుగు జిల్లా, మేం బడికెళ్ళే రోజుల్లో వరంగల్ జిల్లా. గోదావరి ఒడ్డు, చుట్టూ అభయారణ్యం, ఐటీడీఏ ఆఫీసు, రెండేళ్ళకోసారి మేడారం జాతరకి కదిలే జనం. ఊరి పేరు పేపర్లో వస్తే వరద గురించో, అడవి గురించో, జాతర గురించో వస్తుంది. అక్క బీఎస్సీ నర్సింగ్ హైదరాబాదులో చదివి, అక్కడే ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో పదహారువేల జీతానికి నాలుగేళ్ళు చేసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో పెట్టుకుని, బాండు పూర్తయ్యేదాకా ఇవ్వలేదు. తర్వాత ఏజెన్సీ ప్రాంతంలోనే ఒక సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద చేరింది. ఏ దవాఖానో ఇక్కడ రాయను.

ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలోనూ, కెనడాలో చాలా భాగంలోనూ రిజిస్టర్డ్ నర్సుగా పనిచెయ్యడానికి రాయాల్సిన పరీక్ష. ఆస్ట్రేలియా కూడా బయటి దేశాల నర్సులకి మొదటి మెట్టుగా దీన్నే పెట్టింది. అది దాటాక అడిలైడ్ వెళ్ళి ఓస్కీ అనే చేతల పరీక్ష ఇవ్వాలి. అక్క లెక్క ఆస్ట్రేలియా మీద. హైదరాబాదులో సెంటరుంది. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150. రూపాయల్లో అది ఆమె నెల జీతానికి కాస్త అటూ ఇటూ. ఇంగ్లీషు పరీక్ష ఖర్చు, కౌన్సిళ్ళ నుంచి కాగితాలు పంపించే ఖర్చు వేరే.

పరీక్ష నిర్మాణం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఇంజనీరు బుద్ధి. ఇందులో అందరికీ ఒకే పేపరు ఉండదు. మీరు ఒక ప్రశ్నకి సరిగ్గా జవాబిస్తే తర్వాతది కొంచెం కష్టమైనది వస్తుంది, తప్పితే కొంచెం తేలికైనది. మీ స్థాయి గురించి యంత్రానికి ఉన్న అంచనాకి దగ్గరగా, అంటే మీరు సరిగ్గా చెప్పే అవకాశం సగం సగం ఉండేలా ప్రశ్నను ఎంచుతుంది. దీని వెనకున్న గణితం జార్జ్ రాష్ అనే డేనిష్ గణితవేత్త 1960లో పుస్తకంగా వేసింది. ఎన్‌క్లెక్స్ 1994 నుంచి ఇలాగే నడుస్తోంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త రూపంలో కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, ఐదు గంటల సమయం. మీరు గీతకి పైనున్నారనో కిందున్నారనో యంత్రానికి 95 శాతం నమ్మకం కుదిరితే మధ్యలోనే తెర ఆగిపోతుంది. 85 దగ్గర ఆగితే అది మంచికో చెడుకో ఆ క్షణంలో తెలియదు. అందుకే నర్సుల్లో ఒక మూఢనమ్మకం పుట్టింది. పరీక్షయ్యాక మళ్ళీ అదే పరీక్షకి డబ్బు కట్టబోతే వెబ్‌సైటు ఒప్పుకోకపోతే పాసైనట్టట. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న షరతు జనానికి జాతకమైపోవడం నాకు కొత్తేం కాదు గానీ, ఇది మాత్రం ముచ్చటేసింది.

బాగా చదివినవాళ్ళక్కూడా సగం ప్రశ్నలు తప్పుతాయి. అలాగే కట్టారు దాన్ని. ఎంసెట్‌లో పుట్టి పెరిగిన మన తరానికి ఇది అర్థం కావడానికి టైం పడుతుంది. మనకి పరీక్ష అంటే ర్యాంకు, పక్కవాడు నాకంటే ముందా వెనకా. అక్క మొదటి రెండు నెలలు ఇదే అడిగేది, "మందిల నేనెక్కడున్న తమ్మీ?" అని. ఎక్కడా లేవక్కా, మంది లేరు. గీత ఒకటే ఉంది. గీతకి పైన ఎంతమందైనా ఉండొచ్చు. ఈమె పాసైతే ఇంకొకరి సీటు పోదు. రోగి దగ్గరికి పంపితే ప్రమాదం లేని మనిషేనా అన్నదొక్కటే ఆ యంత్రం తేల్చుకోవాలనుకుంటోంది.

పక్కనే ఇంకో పరీక్ష చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2022 డిసెంబరు చివర్లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి ప్రకటన ఇచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 2న జరిగింది. తర్వాత పోస్టులు పెంచి, 2024 జనవరి 31న దాదాపు ఏడువేలమందికి నియామక పత్రాలిచ్చారు. మెచ్చుకోవాల్సిన పనే, కాదనను. అందులో కాంట్రాక్టు సర్వీసుకి వెయిటేజీ మార్కులున్నాయి. మిగతా చోట్ల ఆరునెలలకి 2, గిరిజన ప్రాంతాల్లో 2.5. అంటే ఏటూరునాగారం చుట్టుపక్కల ఆరునెలలు చెయ్యడానికీ హైదరాబాదులో చెయ్యడానికీ ఉన్న తేడా అర మార్కు. అక్క సర్వీసు అప్పటికి తక్కువ, కొద్దిలో పోయింది. ఆ పరీక్షకి ఆరు రోజుల ముందు, జూలై 27న, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయిని ముంచింది, మనుషులు పోయారు. ఆ వారమంతా అక్క డ్యూటీలోనే ఉంది. ఇది ఫిర్యాదుగా చెప్పట్లేదు, ఆమె కూడా ఎప్పుడూ అలా చెప్పలేదు. అదే మనిషిని, అదే ఏడాదుల్లో, రెండు పరీక్షలు కొలిచాయి. ఒకటి "నువ్వు పనికొస్తావు కానీ నీకంటే ముందు వేరేవాళ్ళున్నారు" అంది. రెండోది ఇంకా ఏమీ అనలేదు, కానీ అనబోయేది మాత్రం ఆమె గురించే అవుతుంది, ఇంకొకరితో పోల్చి కాదు.

అసలు నన్ను ఈ వ్యాసం రాయించింది వేరే విషయం. ప్రశ్నల్లోని ఆస్పత్రి.

ఎన్‌క్లెక్స్ కోచింగుల్లో అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: మీరు పనిచేసే వార్డును మర్చిపోండి, పరీక్షలోని ఆస్పత్రిలో అన్నీ ఉంటాయి. ఆక్సిజన్ గోడలోంచి వస్తుంది. చేతులు కడుక్కోవడానికి ప్రతి మంచం దగ్గరా సదుపాయం ఉంటుంది. డాక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తుతాడు. సరైన సైజు గ్లౌజులుంటాయి. మీరు ఒక రోగి దగ్గర ఉన్నప్పుడు మిగతా వాళ్ళ దగ్గర ఇంకో నర్సుంటుంది. "మా దగ్గర అది లేదు కాబట్టి ఇలా చేస్తాం" అనుకుని జవాబు పెడితే తప్పు. తప్పు పోయిన ప్రశ్నల్లో సగం అక్కకి ఇలాగే పోయాయి. తెలియక పోలేదు. ఎక్కువ తెలిసి పోయాయి.

ఒకసారి నవ్వుతూ అంది: "గా పరీక్షల ఉన్న దవాఖాన్ల ఒక్క నెల డ్యూటీ ఏస్తే సాలు తమ్మీ, జన్మ ధన్యమైతది."

ఓస్కీ సాధన ఇంకా విచిత్రంగా ఉంటుంది. అందులో చేసే ప్రతి పనీ పైకి చెబుతూ చెయ్యాలి. నేను పేషెంటుని. "నమస్తే అండీ, నేను ఈ పూట మీ నర్సుని. మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్తారా? మిమ్మల్ని ఏమని పిలవమంటారు? ఇప్పుడు బీపీ చూడొచ్చా?" ఇదంతా ఇంగ్లీషులో. పుట్టిన తేదీ దగ్గర ఆమె ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతుంది. గూడేల నుంచి వచ్చే ముసలివాళ్ళలో చాలామందికి ఆధార్ కార్డు మీద పుట్టినరోజు జనవరి 1. వార్డులో ఒకే పూట ఇద్దరు సమ్మక్కలు, ఇద్దరికీ జనవరి 1 అయితే ఆ ప్రశ్న ఎవరినీ గుర్తుపట్టనివ్వదు. మొహం చూసి, ఊరి పేరడిగి, వెంట వచ్చినవాళ్ళని చూసి గుర్తుపట్టాలి. ఆమె చేసేది అదే. కానీ అడిలైడ్‌లో తేదీ అడగకపోతే ఆ స్టేషన్‌లో మార్కులు పోతాయి.

మరి ఇక్కడ ఏది సరైన జవాబు? రెండూ అంటే తప్పించుకున్నట్టు ఉంటుంది. కాంట్ పేరుతో ప్రసిద్ధమైన ఒక సూత్రముంది: చెయ్యగలిగింది మాత్రమే చెయ్యాల్సింది అవుతుంది. సాధ్యం కానిది ధర్మం కాలేదు. దీన్ని వార్డుకి అన్వయిస్తే అక్క నిర్దోషి. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్నప్పుడు పాము కరిచిన మనిషి, నొప్పులు పడుతున్న మనిషి, ఫిట్సొచ్చిన పిల్లాడు, ఊపిరందని ముసలాయన ఒక్కసారే ఉంటే, నలుగురూ ముందు చూడాల్సినవాళ్ళే. పరీక్ష ఇచ్చే హామీ ఒకటుంది, మనం గమనించం. నలుగురిలో ఒక్కడే నిజంగా ప్రమాదంలో ఉంటాడు అని. 2023 తర్వాతి ప్రశ్నల్లో ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండొచ్చు, సగం మార్కులూ వస్తాయి. అయినా ఏదో ఒక తాళంచెవి ఉంది. ప్రశ్న రాసినవాడి దగ్గర జవాబుంది. రాత్రి రెండు గంటలకి వార్డులో ప్రశ్న రాసినవాడు ఎవరూ లేరు. (మా ఆఫీసులో కూడా అన్ని టికెట్లూ ఒకేసారి అత్యవసరం అవుతుంటాయి. తేడా ఏంటంటే, మా దగ్గర ఎవరూ చచ్చిపోరు, మా మేనేజరు అలా ప్రవర్తించినా సరే.)

సాధ్యం కానిది ధర్మం కాదు అని అక్కని విడిచిపెట్టాక, ఆ ధర్మం మాయమైపోయిందా? నాకు అలా అనిపించదు. ఆ పిల్లాడి దగ్గర ఒక నర్సు ఉండాల్సిందే. ఉండాల్సిన బాధ్యత అక్కది కాకపోతే ఇంకెవరిదో అవుతుంది. ఇద్దరు నర్సులని పెట్టాల్సినవాళ్ళది, ఆ బడ్జెట్ రాసినవాళ్ళది, వాళ్ళకి ఓటేసి మర్చిపోయిన నాలాంటివాళ్ళది. పరీక్షలోని ఆస్పత్రిని అందరూ పగటికల అంటారు. నేను దాన్ని బాకీ పత్రంలా చదువుతున్నాను. ప్రతి సరైన జవాబు వెనకా "ఇక్కడ ఇది ఉండి ఉండాలి" అనే ఒక పద్దు ఉంది. అక్క ఏడాదిగా రోజుకి డెబ్భై ఐదు పద్దులు చదువుతోంది. చదివి రాత్రి డ్యూటీకి వెళ్తోంది. ఇంతకుముందు అలవాటైపోయి కనపడనివి ఇప్పుడు కనపడుతున్నాయి ఆమెకి. చదువు మనిషిని మెరుగుపరుస్తుందంటారు గానీ, మెరుగుపడిన మనిషికి అదే వార్డులో నిలబడటం ఎంత కష్టమవుతుందో ఎవరూ చెప్పరు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. మా పెద్దమ్మ అడిగినట్టే రాస్తాను. "గంత దూరం పోయి గాడి ముసలోళ్ళకు చెయ్యాల్నా? గీడ ముసలోళ్ళు లేరా?"

దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అక్కకి కోయ వచ్చు. పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పుడు పక్కింటివాళ్ళ దగ్గరా, తర్వాత పేషెంట్ల దగ్గరా నేర్చుకుంది. కాన్పుకి వచ్చిన అమ్మాయి తెలుగులో మూడు ముక్కలు మాట్లాడి ఊరుకుంటే, కోయలో అడిగితే అసలు సంగతి చెబుతుంది. ఇంగ్లీషు పరీక్షలో, ఓఈటీలో, పేషెంటుతో సానుభూతిగా మాట్లాడావా లేదా అని కూడా మార్కులు వేస్తారు. కోయలో సానుభూతికి మార్కులేసే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆమె వెళ్ళిపోతే పోయేది ఒక నర్సు పోస్టు మాత్రమే కాదు. ఆ పోస్టుని ఇంకొకరితో నింపినా ఇది నిండదు.

ఈ విషయం మీద గిలియన్ బ్రాక్, మైకేల్ బ్లేక్ అనే ఇద్దరు తత్వవేత్తలు కలిసి, ఒకరితో ఒకరు విభేదిస్తూ, 2015లో ఒక పుస్తకం వేశారు, "డిబేటింగ్ బ్రెయిన్ డ్రెయిన్" అని. కొన్ని షరతులకి లోబడి, పేద దేశం తను చదివించినవాళ్ళని కొంతకాలం సేవ చెయ్యమనో, పన్ను కట్టమనో అడగొచ్చంటుంది బ్రాక్. తన సమస్యల పరిష్కారం కోసం ఒక మనిషిని కదలనివ్వకుండా పట్టుకునే హక్కు ఏ రాజ్యానికీ లేదంటాడు బ్లేక్. వెళ్ళినవాళ్ళ మీద ప్రత్యేక పన్ను వెయ్యాలని జగదీశ్ భగవతి 1970ల్లోనే ప్రతిపాదించాడు. అది ఎక్కడికీ పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మేలో ఒక నియమావళి తెచ్చింది, ఆరోగ్య సిబ్బంది కొరత ఉన్న దేశాల నుంచి నియామకాలు ఎలా ఉండాలనే దాని మీద. దానికి కట్టుబడాలన్న బలవంతం లేదు.

వీటన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించింది, మనకి నేరుగా తగిలే ఒక పాత జాబితా. 2000ల దశకంలో బ్రిటన్ ఆరోగ్య శాఖ, తమ ఆస్పత్రులు చొరవ తీసుకుని నర్సుల్ని తెచ్చుకోకూడని చోట్ల జాబితా ఒకటి పెట్టుకుంది. అందులో ఇండియా మొత్తం లేదు. నాలుగు రాష్ట్రాలున్నాయి: ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. కారణం, ఈ నాలుగూ బ్రిటన్ అభివృద్ధి సాయం అందుకుంటున్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంటే ఏటూరునాగారం కూడా. కొట్టాయం నుంచి వచ్చిన నర్సుని పిలవొచ్చు, ఏటూరునాగారం నుంచి వచ్చిన నర్సుని పిలవకూడదు. తనంతట తాను దరఖాస్తు చేసుకుంటే అడ్డు లేదు. కాకపోతే కేరళలో ఏజెంట్లు కాలేజీ గేటు దగ్గర నిలబడే రోజుల్లో, ఇక్కడి అమ్మాయికి అలాంటి పరీక్ష ఒకటుందని చెప్పే దిక్కు కూడా ఉండేది కాదు.

ఆ జాబితా రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. ఒక చేత్తో సాయం ఇస్తూ రెండో చేత్తో నర్సుల్ని లాక్కోవడం సిగ్గుచేటని వాళ్ళకి తోచింది. కానీ ఆ సాయం తాలూకు సంతకాల్లో ఈ అమ్మాయి సంతకం లేదు. రాష్ట్రం తీసుకున్న దానికి ఆమె బాండు అయింది. నా అభ్యంతరం అంతా అక్కడే. ఇంకో తమాషా, అదే నేల నుంచి ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ నేర్పించి పంపుతోంది. ఇరవై ఏళ్ళ కింద వెళ్ళడం ఒక నష్టం, ఇప్పుడు అదొక పథకం. ఈ రెండు తీర్మానాల మధ్యలో నర్సుని అడిగినవాళ్ళు లేరు.

నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు, అది వేరే రకం. నాతో చదివినవాళ్ళలో సగంమంది డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, సియాటిల్‌లోనో ఉన్నారు. సర్కారు సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్, అన్నీ అందుకున్నవాళ్ళే. ఏరు దాటి తెప్ప తగలేశారని వాళ్ళని ఎవరూ అనలేదు. ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టారు. సేవ అనే మాట నర్సుకి అంటుకున్నట్టు ఇంజనీరుకి అంటుకోలేదు, అదే కారణం. ఆ అంటుకోవడంలో ఆడవాళ్ళ పని అన్న భావన ఎంత ఉందో మీకు చెప్పనక్కర్లేదు. జీతం దగ్గర సేవ అంటాం, సెలవు దగ్గర సేవ అంటాం, వెళ్తానంటే ద్రోహం అంటాం. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని 2016లోనే చెప్పింది. అక్క చేసిన ఆస్పత్రి 200 పడకలు దాటిందే.

అమెరికా ఎందుకు వద్దనుకుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మా వాళ్ళ పాత్ర ఉంది. నర్సులకి గ్రీన్‌కార్డు ఈబీ-3 అనే వర్గంలో వస్తుంది. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి ఇండియావాళ్ళ వరుస పదేళ్ళు దాటి ఉంటుంది. ఆ వరుసలో ఆమె ముందు నిలబడింది ఎవరు? చాలామటుకు సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పరీక్షలో ర్యాంకు లేదని నేను ఆమెకి ధైర్యం చెప్పాను. పరీక్ష దాటాక వరుస ఉంది. ఆ వరుసలో నా క్లాస్‌మేట్లున్నారు.

ఇప్పుడు మళ్ళీ ఆ నమూనా ప్రశ్న మొదటి వాక్యానికి వెళ్దాం. నర్సుకి నలుగురిని అప్పగించారు. ముందెవరు, తర్వాతెవరు అనే తర్కమంతా ఆ వాక్యం మీద నిలబడి ఉంది. అప్పగించకపోతే వరుస లేదు. పక్క వార్డులో ఊపిరందని మనిషి ఉన్నాడేమో, కానీ ఆ ప్రశ్నలో అతను లేడు. "గీడ ముసలోళ్ళు లేరా" అన్నప్పుడు మనం ఆ మొదటి వాక్యాన్ని దాటేస్తున్నాం. ఏటూరునాగారాన్ని ఆమెకి అప్పగించింది ఎవరు? ప్రభుత్వం అయితే, అది కాంట్రాక్టు మీద, ఏడాదికోసారి, రెన్యువల్ అవుతుందో లేదో చెప్పకుండా అప్పగించింది. అలా అప్పగించినదాన్ని అలాగే వెనక్కిచ్చే హక్కు ఆమెకి ఉంటుంది. పుట్టిన ఊరు కాబట్టి అంటే, అక్కడే పుట్టిన ఇంజనీరుకి ఆ డ్యూటీ ఎందుకు పడలేదో చెప్పాలి. చదివించినందుకు అంటే, ఆమె చదువుకి కట్టింది పెద్దనాన్న అమ్మిన ఎకరం.

ఇక్కడిదాకా నేను బ్లేక్ పక్షం. కానీ ఈ వాదన ఆదివారం కాల్‌లో అక్కకి వినిపిస్తే ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. కాదనలేదు. "నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది" అని, వెంటనే ఆ కాన్పుకొచ్చిన అమ్మాయి గురించి చెప్పడం మొదలుపెట్టింది. రెండోసారి కడుపుతో ఉంది, ఏడో నెల, ఈసారి కూడా అక్కే ఉంటుందనుకుంటోంది. ఆ అమ్మాయిని అక్కకి ఎవరూ అప్పగించలేదు. తనంతట తాను అప్పగించుకుంది, ఆమె భాషలో "ఎక్కడ నొస్తుంది" అని అడిగిన రోజున. నా వాదనలో ఇలాంటి డ్యూటీకి చోటు లేదు. దీన్ని రాజ్యం వసూలు చెయ్యలేదు, పెద్దమ్మ గుర్తుచేసి ఒత్తిడి పెట్టలేదు. నేను తర్కంతో రద్దు చెయ్యడమూ కుదరదు.

బెర్నార్డ్ విలియమ్స్ రాతల్లో దీనికి దగ్గరగా వచ్చే ఆలోచన ఒకటుంది. రెండు బాధ్యతలు ఢీకొన్నప్పుడు సరైనదాన్నే ఎంచుకున్నా, ఎంచుకోనిది చెరిగిపోదు, మనతో ఉండిపోతుంది. తప్పు చెయ్యకుండానే ఋణపడి ఉండటం సాధ్యమే. మనం చిన్నప్పుడు భాగహారంలో శేషం రాసేవాళ్ళం, లెక్క సరిగ్గా చేసినా అది మిగిలేది. అక్క వెళ్ళడం సరైనదే అని నేను అనుకుంటున్నాను, ఆమె కూడా అనుకుంటోంది. పెద్దమ్మ అనుకోవట్లేదు, అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఆవిడ మోకాళ్ళు అరిగాయి, కూతురు కావాలి. ఆవిడ అడిగే దాంట్లో ఊరి ముసలోళ్ళు ఎంతమందో, తనొక్కతే ఎంతో నేను లెక్కేయబోను.

పరీక్ష వచ్చే నెలలో. నమూనా పరీక్షల్లో గీత దాటుతోంది, రెండుసార్లు తప్ప. కాంట్రాక్టు పూర్తయ్యేలోపే వార్డుకి ఇంకో నర్సుని వేశారు, పర్మనెంటు పోస్టు మీద. నల్లగొండ వైపు అమ్మాయి, పని బాగా వచ్చట, కోయ రాదు. అక్క రెండువందల పేజీల నోట్‌బుక్కు ఒకటి కొని ఆమె కోసం కోయ మాటలు తెలుగు లిపిలో రాస్తోంది. నొప్పి, జ్వరం, మంట, ఎన్నాళ్ళ నుంచి, ఇవన్నీ తేలిగ్గానే అయిపోయాయట. "కొంచెంసేపు ఆగు, వస్త" అని ఎట్లా అంటే వాళ్ళు లేచి ఇంటికి పోకుండా ఉంటారో, అది మాత్రం రాయడం వస్తలేదంది.